అరుపుల కొండ మీద ఇరవైమూడు సున్నాలు

1984వ సంవత్సరం మే నెల మూడవ తేదీన, తీరం వెంబడి మంచుగడ్డలు ఇంకా కరగకముందే, ఇరవై రెండేళ్ల అన్ఫీసా యెలిసేవ్నా మోష్నికోవా గారు మన పక్షి సంరక్షణ క్షేత్రంలో పక్షులను లెక్కించే కనిష్ఠ గణకురాలిగా ఉద్యోగప్రవేశం చేశారు. ఈ సెప్టెంబరు ముప్పయ్యవ తేదీన, ముప్పై అయిదేళ్ల నిరంతర సేవ అనంతరం, ప్రధాన గణకురాలిగా పదవీ విరమణ చేస్తున్నారు. ఈ శుభసందర్భంలో వెలువడుతున్న ప్రత్యేక సంచికకు నాలుగు మంచి మాటలు రాయవలసిందిగా కమిటీవారు ఈ వ్యాసకర్తను కోరి, తేదీలు సరిచూసుకోవడానికి ఆమె సర్వీసు రిజిస్టరును కూడా చేతికిచ్చారు. ఆ రిజిస్టరు తెరిచినప్పుడు కలిగిన దిగ్భ్రాంతి నుంచి ఈ వ్యాసకర్త ఇంకా తేరుకోలేదు. అందుచేత ఈ వ్యాసం, ఇటువంటి వ్యాసాలు నడవవలసిన దారిలో కొంతదూరం మాత్రమే నడుస్తుంది. సభ్యులు, ముఖ్యంగా ఆమె కుటుంబసభ్యులు మన్నించాలి.

శ్రీమతి అన్ఫీసా యెలిసేవ్నా బారెంట్స్ సముద్రతీరాన బెలూషినో గ్రామంలో, తరతరాలుగా వలనే నమ్ముకున్న కుటుంబంలో జన్మించారు. ఉద్యోగంలో చేరిన తొలి వారంలోనే కొత్తవారందరికీ క్షేత్రపత్రం నింపే విధానం నేర్పారు. పాఠం చెప్పడానికి పట్నంలోని గణాంక విభాగం నుంచి పడవలో వాంతులు చేసుకుంటూ వచ్చినవాడు ఈ వ్యాసకర్తే. అప్పటికి అతనికి రెండేళ్ల అనుభవం, ఇరవయ్యేళ్లకు సరిపడా అహంకారం ఉండేవి.

"ఈ గడిలో గీత పెడితే అక్కడికి మనం వెళ్ళలేదని అర్థం. సున్నా పెడితే వెళ్ళాం, చూశాం, ఒక్క పిట్టా లేదని అర్థం. ఈ రెండూ కలిపేశారో, ఏడాది కష్టమంతా గాలికి పోయినట్టే" అన్నాడు అతను.

వెనక బెంచీ నుంచి అన్ఫీసా గారు చెయ్యెత్తారు. "వెళ్ళాం గానీ పొగమంచుకి ఏమీ కనపడలేదనుకోండి?"

"అప్పుడూ గీతే."

"వెళ్ళాం, అంతా శుభ్రంగా కనపడింది. కానీ అరుపుల కొండ ఖాళీగా ఉందనుకోండి?"

గదంతా గొల్లుమంది. అరుపుల కొండ ఖాళీగా ఉండటమా! "అలాంటి రోజొస్తే సున్నా పెట్టేసి నేరుగా నా దగ్గరికి రండి, మిఠాయి పెడతాను" అన్నాడు పాఠం చెప్పినవాడు. అందరూ మళ్ళీ నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు, పుస్తకంలో రాసుకున్నారు.

అరుపుల కొండ సంగతి ఈ సంచిక చదివేవారికి చెప్పనక్కరలేదు. జూన్ నెలలో మోయెవ్కాలు, ఆ బూడిద రెక్కల చిన్న సముద్రపక్షులు, నిట్టనిలువు రాతిగోడ మీద అరచేయంత చోటు కూడా వదలకుండా గూళ్ళు పెట్టుకునేవి. పడవ ఇంకా మూడు కిలోమీటర్ల దూరాన ఉండగానే వాటి గోల వినపడేది, తర్వాత వాసన వచ్చేది, ఆ తర్వాతే కొండ కనపడేది. ఆ వేసవిలోనే ఎదుటి అంచు వెంట ఇరవైమూడు ఇనుప మేకులు పాతారు. ఒక్కొక్క మేకు దగ్గర కూర్చుని, తన వాటాకు వచ్చిన రాతిభాగాన్ని దుర్భిణిలోంచి నలభై నిమిషాలు చూసి గూళ్ళు లెక్కించాలి. చూసేవారు కళ్ళు తిప్పకుండా గొంతెత్తి అంకె చెబుతారు, పక్కన కూర్చున్నవారు రాస్తారు. ఏడవ మేకును ఈ వ్యాసకర్త స్వయంగా దిగ్గొట్టి, కుర్రతనం కొద్దీ దాని తల మీద తన పేరులోని తొలి అక్షరాలు చెక్కాడు. ఆ తర్వాత అతను పట్నం వెళ్ళిపోయి, ఇరవై ఎనిమిదేళ్లు ఆ కొండ ముఖం చూడలేదు. కాగితం మీద కనిపిస్తూనే ఉంది కదా అనుకున్నాడు.

అన్ఫీసా గారు మాత్రం అక్కడే ఉండిపోయారు. మొదటి ఏడేళ్లూ మే నెలల్లో, సముద్రంలోకి చొచ్చుకుపోయిన నేల కొన మీది చెక్కగదిలో కూర్చుని, దక్షిణం నుంచి వచ్చే బాతుల్నీ హంసజాతి పక్షుల్నీ గుంపుగుంపుగా లెక్కించారు. 1991లో జ్యేష్ఠ గణకురాలిగా పదోన్నతి పొంది, కొండ బాధ్యత స్వీకరించారు. హెలికాప్టరు రాక ఆగిపోయిన కష్టకాలంలో, మిగతా కేంద్రాలు ఒక్కొక్కటిగా మూతపడుతుండగా, బెలూషినో జాలరి ప్రోఖోర్ పడవ మీద ఆధారపడి, ఎండుచేపలూ మొరోష్కా పళ్ళ మురబ్బాతో వేసవులు గడుపుతూ, ఒక్క ఏడాది కూడా లెక్క తప్పనివ్వలేదు. వాతావరణ కేంద్రం ఉద్యోగి సవేలీ గారిని వివాహమాడినది కూడా ఆ రోజుల్లోనే. పెళ్ళి జూన్‌లో పెట్టుకుందామంటే ఆమె ససేమిరా అన్నారని, నవంబరు చీకట్లో చేసుకోవలసి వచ్చిందని సవేలీ గారు ఇప్పటికీ ఫిర్యాదు చేస్తుంటారు.

ఇక ఆమె గొంతు. ముప్పైవేల పక్షుల గోల మధ్య అంకెలు అరిచి అరిచి, మామూలుగా మాట్లాడటం ఎలాగో అన్ఫీసా గారు పూర్తిగా మరచిపోయారు. శీతకాలంలో నివేదికల కోసం పట్నం వచ్చినప్పుడు, కింది అంతస్తులో ఆమె "టీ ఉందా?" అని అడిగితే మూడో అంతస్తువాళ్ళు కెటిల్ పెట్టేవారు. ఒకసారి ఆమె ఇంటికి ఫోన్ చేస్తుంటే టైపిస్టు చెవులు మూసుకుని, "అన్ఫీసా యెలిసేవ్నా, డబ్బులు దండగ, ఆ ఫోన్ పెట్టేసి కిటికీ తెరవండి చాలు" అంది. ఆమె ఏమాత్రం నొచ్చుకోకుండా, "నిజమేనే తల్లీ, కానీ సవేలీ జవాబు నాకు వినపడొద్దూ!" అన్నారు. ఆ మాట కూడా మూడో అంతస్తు దాకా వినపడింది.

ఇటువంటి వ్యాసాలు ఇక్కడి నుంచి పురస్కారాల జాబితాలోకి వెళ్ళాలి. ఆమెకు పురస్కారాలు లేవు. ఎందుకు లేవో చెప్పడం ఈ వ్యాసకర్త విధి.

2009 శరదృతువులో క్షేత్రపత్రాలు పట్నం చేరాయి. అరుపుల కొండ పత్రంలో ఇరవైమూడు గడుల్లోనూ ఇరవైమూడు సున్నాలు ఉన్నాయి. అంతకుముందు ఏడాది అదే కొండ మీద పదహారువేల తొమ్మిదివందల గూళ్ళు లెక్కకు వచ్చాయి. గణాంక విభాగానికి అప్పటికి అధిపతి అయిన ఈ వ్యాసకర్త ఆ పత్రాన్ని చూసి నవ్వుకున్నాడు. తుపాను వచ్చి పడవ ఒడ్డుకు చేరలేదు కాబోలు, గీతలు పెట్టవలసిన చోట పొరపాటున సున్నాలు పెట్టారు అనుకున్నాడు. ఇరవై అయిదేళ్లు పనిచేసిన మనిషి, అతని దగ్గరే పాఠం నేర్చుకున్న మనిషి, మొదటి పాఠం మరచిపోయిందని ఎంత సులువుగా నమ్మాడో తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. సహాయ గణకుల పోస్టులు రద్దయినందువల్ల ఆ ఏడాది అంకెలు రాసింది ప్రోఖోర్. పత్రం కింద రెండో సంతకం కూడా అతనిదే. "పడవ నడిపేవాడి సంతకానికి శాస్త్రంలో విలువేముంది?" అనుకుని, గత మూడేళ్ల సగటు తీసి, సున్నాల స్థానంలో పదిహేడువేల రెండువందలు అని పెన్సిలుతో వేసి, పక్కన "అంచనా" అని రాశాడు. అచ్చులో ఆ అంచనా అన్న మాట ఎగిరిపోయింది. వార్షిక సంపుటిలో పదిహేడువేల రెండువందల గూళ్ళు దర్జాగా నిలిచాయి.

మరుసటి ఏడాది మళ్ళీ ఇరవైమూడు సున్నాలు. ఈసారి అతను రేడియోలో పిలిచాడు.

"అన్ఫీసా యెలిసేవ్నా, మీరు అసలు కొండకి వెళ్ళారా?"

"వెళ్ళానండీ. లేవు."

"లేవంటే? పదిహేడువేల గూళ్ళు ఎక్కడికి పోతాయి?"

"అది పిట్టల్నడగాలండీ. నన్నడిగితే ఎన్నున్నాయో చెప్తాను. ఏమీ లేవు."

అతనికి కోపం వచ్చింది. మళ్ళీ సగటు వేశాడు. అంతటితో ఆగలేదు. వెళ్ళకుండానే వెళ్ళినట్టు పత్రాలు నింపుతున్నారన్న అనుమానాన్ని డైరెక్టరు గారి చెవిన వేశాడు. 2011 జనవరిలో అన్ఫీసా గారికి లిఖితపూర్వకమైన మందలింపు వెళ్ళింది. ఆ జూన్‌లో ఆమె మళ్ళీ వెళ్ళి, మళ్ళీ ఇరవైమూడు సున్నాలు పంపారు; అతను మళ్ళీ సగటే అచ్చువేయించాడు. ఒక్క గీత పెట్టి ఉంటే గొడవ సద్దుమణిగేది. ఆమె పెట్టలేదు. ఈ మూడేళ్లూ, అఖాతంలో ఆ పక్షులు తిని బతికే చిన్నచేపల వేటకు అనుమతులిచ్చేవారు పక్షుల పరిస్థితి ఏమిటని మనల్ని అడుగుతూనే ఉన్నారు. నిలకడగా ఉందని మనం జవాబిస్తూనే ఉన్నాం. వలలు నిక్షేపంగా సాగాయి.

2012 జూన్‌లో ఈ వ్యాసకర్త, ఆమెను రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకుందామని, స్వయంగా బయల్దేరాడు. దాచుకోవడానికి ఏమీ లేదు, సరిగ్గా ఆ ఉద్దేశంతోనే బయల్దేరాడు. బెలూషినో రేవులో అన్ఫీసా గారు చేపముక్కలు పొదిగిన రొట్టె మూటగట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ప్రోఖోర్ అతన్ని పైనుంచి కిందికి చూసి, "పట్నం బూట్లతో వచ్చారేంటండీ ఆఫీసరుగారూ! కొండ మీద జారిపడితే నా సంతకం పెట్టి పంపాలి మిమ్మల్ని. అదేమో చెల్లదాయె" అన్నాడు. ఆమె "నోర్ముయ్ ప్రోఖోర్" అన్నారు గానీ, ఆ అనడంలో పెద్ద కోపమేమీ లేదు.

సముద్రం ప్రశాంతంగా ఉంది. గంటన్నర ప్రయాణించాక ప్రోఖోర్ ఉన్నట్టుండి ఇంజను కట్టేశాడు.

"ఎందుకాపావు?"

"మీరు వినాలని."

అతను విన్నాడు. పడవ అంచుకు నీళ్ళు తగులుతున్న చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

"ఇంకా చాలా దూరం ఉన్నట్టుంది."

"వచ్చేశామండీ. తల పైకెత్తండి."

తల పైకెత్తితే ఎదురుగా నల్లటి రాతిగోడ ఉంది. దాని మీద ఒక్క రెక్క కదలడం లేదు, ఏళ్లనాటి రెట్టల తెలుపు కూడా వానలకు సగం కడుక్కుపోయింది. అతనికి మొదట కలిగినది బాధ కాదు, కోపం. "ఇది అరుపుల కొండ కాదు! నన్ను వేరే చోటికి తీసుకొచ్చారు మీరిద్దరూ కలిసి!" అని పడవలో లేచి నిలబడి అరిచాడు. యాభై నాలుగేళ్ల మనిషి, విభాగాధిపతి, ఇద్దరు మర్యాదస్తుల మీద అలా అరిచాడు. ప్రోఖోర్ ఏదో అనబోతే అన్ఫీసా గారు చేత్తో వారించి, పడవను ఒడ్డుకు పట్టించారు. అతన్ని అంచు వెంట నడిపించుకుని ఏడవ మేకు దగ్గరికి తీసుకెళ్ళి, దాని తల మీది తుప్పును బొటనవేలితో తుడిచారు. అతని పేరులోని రెండు అక్షరాలు అక్కడే ఉన్నాయి.

అతను ఆ మేకు పక్కనే కూర్చున్నాడు. అప్పుడు ఆమె అడిగారు.

"మిఠాయి తెచ్చారా, గెర్మన్ ల్వోవిచ్?"

ఇరవై ఎనిమిదేళ్ల కిందట రాసుకున్న మాట అది. ఆమె జవాబు కోసం ఆగలేదు. దుర్భిణి బిగించుకుని, గడియారం చూసుకుని, "రాయండి మరి. ఇవాళ నా గుమస్తా మీరే" అంటూ ఖాళీ రాతిగోడను చూడటం మొదలుపెట్టారు. పది నిమిషాలు గడిచాయి. ఇరవై గడిచాయి. గాలికి అతని వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.

"అన్ఫీసా యెలిసేవ్నా, లేనివాటిని లెక్కపెట్టడానికి ఇంతసేపెందుకండీ? ఒక్క చూపులో తెలిసిపోతోంది కదా."

ఆమె కళ్ళు తిప్పలేదు. "ఉన్నప్పుడు నలభై నిమిషాలు కూర్చున్నాను. లేనప్పుడు రెండు నిమిషాల్లో లేచొస్తే అది సున్నా ఎలా అవుతుందండీ? అది గీత."

నలభయ్యవ నిమిషం నిండాక ఆమె అలవాటు ప్రకారం, ముప్పైవేల పక్షుల మీదుగా వినిపించవలసిన ఆ గొంతుతో, "ఏడో మేకు! సున్నా!" అని అరిచారు. వెంటనే ఎదుటి కొండ "సున్నా" అంది. ఈ వ్యాసకర్త ఉలిక్కిపడి పెన్సిలు జారవిడిచాడు. ఆ కొండకు ప్రతిధ్వని ఉందని అంతకుముందు పట్నంలోని మనలో ఎవరికీ తెలియదు. పక్షులు ఉన్నంతకాలం అది వినపడే వీలే లేకపోయింది.

"మొదటేడు నాకూ ఇలాగే గుండె ఆగినంత పనయింది. ప్రోఖోర్ ఏడ్చేశాడు, అడగండి కావలిస్తే" అన్నారు ఆమె.

"గాలికి కళ్ళలో నీళ్ళొచ్చాయి, అంతే!" అన్నాడు వెనక నుంచి ప్రోఖోర్. "యెలిసేవ్నా మాత్రం తక్కువా? ఆ ఏడు ఇంటికెళ్ళాక వారం రోజులు గుసగుసగా మాట్లాడింది. సవేలీ భయపడిపోయి డాక్టర్ని పిలిచాడు."

రెండు రోజుల్లో ఇరవైమూడు మేకులూ పూర్తయ్యాయి. ఆమె ఇరవైమూడుసార్లు అరిచారు, కొండ ఇరవైమూడుసార్లు బదులిచ్చింది, ఈ వ్యాసకర్త ఇరవైమూడు సున్నాలు స్వహస్తంతో రాసి, రెండో సంతకం చేశాడు.

పక్షులు ఎందుకు వెళ్ళిపోయాయో, మనం మొదటి ఏడాదే నిజం చెప్పి ఉంటే అఖాతంలో చేపలు మిగిలి అవి తిరిగి వచ్చేవో కాదో ఎవరూ చెప్పలేరు. కానీ ఈ వ్యాసకర్త పట్నం తిరిగి వచ్చి చేసినదేమిటో చెప్పవచ్చు. 2012 అంకెను సున్నాగా అచ్చువేయించాడు. అంతకుముందు మూడేళ్ల అంకెల జోలికి వెళ్ళలేదు. వెళితే తన తప్పు బయటపడుతుంది. మందలింపు మాట ఎత్తనే లేదు. అది ఏడాదికో రెండేళ్లకో దానంతటదే చెల్లిపోయి ఉంటుందని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. ఆమె అడగలేదు గనుక అతనూ చెప్పలేదు. ఆ మూడు సంపుటాలను ఆధారం చేసుకుని చదివేవారికి ఈనాటికీ అరుపుల కొండ 2011 దాకా కళకళలాడుతూనే ఉంది, ఆ మరుసటి ఏడు ఒక్కసారిగా ఖాళీ అయింది.

గత నెల కమిటీవారు ఇచ్చిన సర్వీసు రిజిస్టరు తెరిచి చూస్తే, ఆ మందలింపు ఎనిమిదేళ్లుగా అందులోనే ఉంది. చెల్లిపోలేదు, ఎవరూ రద్దు చేయలేదు. గౌరవ గణకురాలు బిరుదుకు ఆమె పేరు రెండుసార్లు పైకి వెళ్ళి, ఆ ఒక్క కాగితం కారణంగా రెండుసార్లు తిరిగి వచ్చింది. అన్నిటికన్నా ఘోరం, డైరెక్టరు గారి సంతకం పైన ఉన్న వాక్యాలు ఈ వ్యాసకర్తవే. "కార్యస్థలానికి హాజరుకాకుండానే హాజరైనట్లు చూపుట" అన్న మాటలు అతని చేతిరాతలోని చిత్తుప్రతితో సహా కుట్టి ఉన్నాయి. రాసిన సంగతి అతను మరచిపోయాడు. మనిషి ఇంత పని చేసి మరచిపోగలడా అని ఆ చిత్తుప్రతిని మళ్ళీ మొదటి నుంచి చదివాడు. కాగితం అడుగున, అందినట్టు సంతకం చేయవలసిన చోట, ఆమె గుండ్రని అక్షరాలు ఉన్నాయి: "చదివాను. ఒప్పుకోను. వెళ్ళాను, చూశాను, లేవు."

కనుక సభ్యులకు మనవి. ఈ వ్యాసకర్త అభ్యర్థన మీద డైరెక్టరు గారు ఈ నెల పన్నెండున ఆ మందలింపును రద్దు చేశారు. అదే వాక్యాన్ని, ఒక్క అక్షరం మార్చకుండా, ఈ వ్యాసకర్త సర్వీసు రిజిస్టరులోకి ఎక్కించారు. ఇరవై ఎనిమిదేళ్లు కొండకు హాజరుకాకుండానే హాజరైనట్టు చూపినవాడు అతనే గనుక, వాక్యం మార్చవలసిన అవసరం కలగలేదు. గ్రంథాలయంలోని మూడు సంపుటాల్లోనూ సవరణ చీటీలు అతికించడం పూర్తయింది. ఒక్కొక్క సంపుటిలో ఇరవైమూడు సున్నాలు, కింద అన్ఫీసా యెలిసేవ్నా గారి పేరు, పక్కన రెండో సాక్షిగా ప్రోఖోర్ పేరు. బిరుదు ప్రతిపాదన మూడోసారి పైకి వెళ్ళింది.

ఈ జూన్‌లో, ఉద్యోగజీవితపు చివరి వేసవిలో, అన్ఫీసా గారు ఇరవైమూడు మేకుల దగ్గరా నలభయ్యేసి నిమిషాలు కూర్చున్నారు. ఈ ఏడాదీ సున్నాయే. అది మొన్న ప్రెస్సుకు వెళ్ళింది, ఎవరి పెన్సిలూ తగలకుండా.

ముప్పయ్యవ తేదీన సభలో ఆమె కుర్చీ ముందు ఒక మిఠాయి పెట్టె ఉంటుంది. పదేళ్లు ఆలస్యంగా వచ్చింది. తీసుకుంటారో, నలుగురిలో ఆ గొంతుతో కడిగేస్తారో ఆమె ఇష్టం. ముందు వరుసలవారు చెవులు కాచుకోగలరు.

సవేలీ గారి సాహచర్యంలో, బెలూషినో గాలిలో, చూపు మసకబారకుండా, గొంతు తగ్గకుండా, అన్ఫీసా యెలిసేవ్నా గారు సంపూర్ణ ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలని, ఇక మీదట ఏ జూన్‌లోనైనా ఆమె ఆ కొండకు వెళ్ళి కేక వేస్తే, బదులు పలికే గొంతు రాతిది కాకుండా పక్షులది కావాలని మనసారా కోరుకుంటున్నాం. ఎన్నేళ్ల ఆయుష్షు అని అంకె వేయడం ఇటువంటి వ్యాసాల ఆచారం. చూడనిదానికి అంకె వేసే పని ఈ చెయ్యి మానేసింది. ఆ గడి ఖాళీగానే వదిలేస్తున్నాం. ఏటేటా ఆమే నింపుకోవాలి.

గెర్మన్ ల్వోవిచ్ తుపీత్సిన్,
గణాంక విభాగం